ఇడిసిపెట్టినది

చనిపోయిన మనిషి ఖాతా ఎలా మూయాలో నాకు తెలియలేదు. అందుకే నా భార్య సుంకమ్మ పోయి రెండేళ్ళు దాటినా ఇంకా జనంతో తగవు పడుతూనే ఉంది.

తగవు నాది. పేరు ఆమెది. ఫోన్లో 'చుట్టుపక్కల' అని ఒక చోటు ఉంది. చెట్టో పిట్టో పురుగో కనిపిస్తే ఫోటో తీసి అందులో పెడతారు. పేరు తెలిసినవాళ్ళు పేరు చెబుతారు. ఆ జీవి ఏ ఊళ్ళో ఉందో పటం మీద ఒక చుక్క పడుతుంది. ఫోటో కింద రెండు గడులుంటాయి. ఒకటి 'తనంతట తాను'. రెండోది 'పెంచినది'. పెంచినదని నొక్కితే చుక్క పటంలోంచి పోతుంది. కుండీలో గులాబీకి, పంజరంలో చిలకకు, జూలో పులికి పటంలో చోటు లేదు. న్యాయమే.

జనం ఆ గడి నొక్కరు. జూలో పులిని ఫోటో తీసి, కమ్మీలు కనపడకుండా కత్తిరించి పెడతారు. నేను పట్టుకుంటాను. పులి తోక వెనక సిమెంటు తొట్టి అంచు ఎక్కడో కనిపిస్తుంది. పెంచినది అని నొక్కుతాను. "సుంకమ్మక్కా, పిల్లలు సరదాగా పెట్టారు, వదిలేయండి" అని రాస్తారు. వదలను. "సుంకమ్మ గారికి మనసనేది లేదు" అని ఒకడు రాశాడు. బతికుండగా ఆ మాట ఆమెను ఎవరూ అనలేదు. పోయాక నేను సంపాదించి పెట్టాను.

నా పేరు తిరుపాలు. అందులో ఆ సంగతి ఎవరికీ తెలియదు.

సుంకమ్మకు ఆ ఫోన్ కొనిచ్చి, అందులో ఈ చోటు చూపించింది లింగేశ్వరి. సుంకమ్మ తమ్ముడి కూతురు. తల్లి పోతే చిన్నప్పుడే మా ఇంటికి వచ్చింది. మాకు పిల్లలు లేరు. ఒక కరువు ఏడు, ఇంట్లో గింజ లేనప్పుడు, పిల్లను వాళ్ళ నాయన దగ్గర దించి వద్దామని రేకుపెట్టెతో సహా రోడ్డు మీదికి తీసుకుపోయాను. బస్సు రాలేదు. వెనక్కి తీసుకొచ్చాను. అట్లా మా ఇంట్లోనే ఉండిపోయి చదువుకుంది. ఇప్పుడు కర్నూలు అవతల ఒక ప్రయోగశాలలో డాక్టరు. సూది వేసే డాక్టరు కాదు.

ఆమెతో నేను మాట్లాడడం మానేశాను. కారణం ఉంది. సుంకమ్మ పోయిన మూడో దినం, కాకికి పెట్టిన కూడు కాకి ముట్టకముందే, లింగేశ్వరి మా చేలోకి దిగింది. కొర్ర ఆకులు కోసి చిన్న చిన్న సంచీల్లో వేసుకుంది. ఏడ్చి ఉబ్బిన కళ్ళతోనే కోసింది. ఏడిస్తే మాత్రం? కోసింది కదా. నేను గట్టు మీద నిలబడి చూశాను. పిలవలేదు, తిట్టలేదు. ఆమె నా మనసులోంచి అక్కడే దిగిపోయింది.

ఆ ఆకులతో ఆమె ఒక యంత్రం తయారుచేసింది. 'చేతిజాడ' అని దానికి పేరు. ఉతికిన బట్టలకు పెట్టే క్లిప్పంత ఉంటుంది. దానికి ఒక తీగ, తీగ చివర అగ్గిపెట్టెంత అద్దం. ఆకుకో, ఈకకో, గోరుకో క్లిప్పు తగిలించి కాసేపు ఉంటే అద్దంలో అంకె వస్తుంది. మనిషి చేతిలో పెరిగినదైతే పెద్ద అంకె. తనంతట తాను పెరిగినదైతే సున్నా. మనిషి చెయ్యి పడిన జీవిలో ఒక గుర్తు మిగులుతుందట. ఆ జీవి బతికున్నంతకాలం అది పోదట. చుట్టుపక్కలవాళ్ళు ఈ యంత్రం కొని ఊరూరా పంచారు. ఇక తగవులు ఉండవన్నారు. యంత్రం చెప్పిందే మాట.

సుంకమ్మ పేరు మీద నాకూ ఒకటి వచ్చింది. పెట్టె మీద లింగేశ్వరి పేరు చూసి చాలా రోజులు విప్పలేదు. తర్వాత విప్పాను. పని పనే.

కొత్తలో సంతోషించాను. అబద్ధాలాడేవాళ్ళ నోరు మూయించడానికి ఇక నేను ఒక్కడినే ఉండనక్కర్లేదు కదా అనుకున్నాను. తర్వాత తల తిరగడం మొదలైంది. ఆదోనిలో ఒకామె పెంచుకునే చిలక ఈకకు సున్నా వచ్చింది. తన చేత్తో జామకాయ కోసి పెడుతుంది ఆమె. మిద్దె మీద కుండీలో గులాబీకి సున్నా. జూ పులి వెంట్రుకకు సున్నా. గడ్డివాములో దొరికిన తాచుపాము కుబుసానికి మాత్రం డెబ్బై. తాచుపామును ఎవరు పెంచుతారు? రోడ్డు పక్కన తుమ్మపొదకు యాభై. పటం తలకిందులైంది. పులి అడవిలోది, పాము పెంపుడుది.

"సుంకమ్మక్కా, ఇప్పుడేమంటారు?" అని రాశారు.

ఏమనాలో నాకు తెలియలేదు. తెలియకుండా మాట్లాడడం నాకు అలవాటు లేదు. మొదటిసారి సుంకమ్మ మౌనంగా ఉంది.

ఆ రోజుల్లోనే లింగేశ్వరి ఊరికి వచ్చింది.

నేను చేలో ఉన్నాను. గట్టు మీద నిలబడి, "మామా" అంది. నేను పలకలేదు.

"మాట్లాడొద్దులే. ఇంటే సాలు" అంది. "అత్త కడపట పెట్టిన ఫోటో గుర్తుండాదా? దొంగకొర్ర."

గుర్తుంది. కొర్ర చేలో కొర్రలాగే మొలిచే కలుపు అది. వెన్ను, అంటే కంకి, వేసేదాకా తేడా తెలియదు. కణుపు దగ్గర ఎర్రగీత ఒక్కటే గుర్తు. ఆ గీత చూసి పీకాలి. మా దిక్కు కలుపు తీసే ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. చేను చేనంతా తీసి, చివరి మూలకు వచ్చాక ఒక గుప్పెడు పీకకుండా లేస్తారు. ఎందుకే అంటే, "మూల ఇడిసిపెట్టాల" అంటారు. అంతకు మించి చెప్పరు. వాళ్ళకూ తెలియదనుకుంటాను. సుంకమ్మ అట్లా వదిలిన గుప్పెడును నేను తర్వాత వెళ్ళి పీకేవాడిని. బండరాయి సందులో ఉన్నది మాత్రం వేరు రాక తెగిపోయి మళ్ళీ మొలిచేది. ఆమె పోయాక నేను కూలివాళ్ళను పిలవలేదు. మందు కొట్టాను. బండ సందులోకి మందు పోదు. అందుకని అది ఇంకా ఉంది.

"అది ఏ పుస్తకంలోనూ లేదు మామా" అంది లింగేశ్వరి. "కొర్ర గాదు. కొర్రతో కలవదు. కొత్త జాతి. పేర్లు పెట్టే సంఘమోళ్ళు ఒప్పుకున్నారు. అత్త పేరు పెడదామని అడిగినా. సరేనన్నారు."

నేను తల ఎత్తాను. అదే నా పొరపాటు. నేను విన్నానని ఆమెకు తెలిసిపోయింది.

"కానీ అది తనంతట తానుండేదై ఉండాల. పెంచినదైతే జాతి గాదు, రకం అంటారు. పేరు రాదు. కొత్త పేరుకైతే, మొదట ఫోటో పెట్టింది అత్త గనక ఆ గడి అత్త ఖాతాలోనుంచే నొక్కాల. ఆ ఖాతాలో ఉండేది నువ్వే గదా."

"ఎవురు సెప్పినారు?"

"సిమెంటు తొట్టి అంచు చూసి పులిని పట్టుకునే మనిషి ఇంకెవురుంటారు మామా?"

చాలా కాలం తర్వాత నవ్వు వచ్చింది. మింగేశాను.

ఆమె బండ దగ్గర కూర్చుని దొంగకొర్ర ఆకుకు క్లిప్పు పెట్టింది. నేను దూరంగా నిలబడ్డాను. అద్దంలో డెబ్బై ఒకటి వచ్చింది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది. డెబ్బై ఒకటే.

"ఎవురు పెంచినారు మామా దీన్ని?"

"కలుపును ఎవురైనా పెంచుతారా? మీయత్త నీళ్ళు పోసిందనుకుంటాండావా? తాగేదానికే లేవు ఆ నీళ్ళు."

"నాకేం తెలుసు? అందుకే నిన్నడిగేది."

నేనూ దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఇద్దరం ఆ గుప్పెడు గడ్డిని చూశాం. నాకు కోపం రావాలి. కోపం ఎవరి మీదికి పోవాలో దారి దొరకలేదు.

ఆమె మనసు మళ్ళించుకోవడానికన్నట్టు క్లిప్పును తన వేలి గోరుకు పెట్టుకుంది. అరవై నాలుగు. "చూడు, అత్త పెంపకం" అని నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని నా గోరుకు పెట్టింది. నేను వద్దనేలోపే పెట్టింది.

సున్నా.

తుడిచి మళ్ళీ పెట్టింది. సున్నా.

"పాడైనట్టుంది" అని గబగబా తీసేసింది. పాడైతే ఆమెకు అరవై నాలుగు ఎట్లా వచ్చింది? నేను అడగలేదు.  ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి చెయ్యి చూసుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా సుంకమ్మ వండిపెట్టిన కూడు తిన్న చెయ్యి. పాము కరిచినప్పుడు ఆమె కట్టు కట్టిన చెయ్యి. జ్వరం వస్తే చింతపండు చారు గిన్నె పట్టించిన చెయ్యి. గులాబీకి సున్నా వస్తే నేను పట్టించుకోలేదు. నాకు సున్నా అంటే ఏమిటి? మా అమ్మ కూడా పెంచింది కదా, ఆమె చెయ్యి కూడా అంటలేదా? దొంగకొర్రకు డెబ్బై ఒకటి ఇచ్చిన మనిషి నాకు ఏమీ ఇవ్వలేదా? యంత్రం అబద్ధం చెబుతోందా, నేను ఇన్నాళ్ళూ అబద్ధంలో ఉన్నానా అన్నది తేలలేదు.

కొన్నాళ్ళకు లింగేశ్వరి ఫోన్ చేసి, "ప్రయోగశాలకు ఒకసారి రా మామా, పనుంది" అంటే, ఎందుకని అడగకుండా వెళ్ళాను. సున్నా కోసం వెళ్ళాను.

ప్రయోగశాలంటే గాజుబుడ్లు ఉంటాయనుకున్నాను. రేకు షెడ్డు, ఇనప బల్లలు, వాటి మీద మన్ను తొట్లు. తొట్ల నిండా దొంగకొర్ర. పీకి పారేసే కలుపుకు ఫ్యాన్లు పెట్టి మరీ పెంచుతున్నారు. అన్వర్ అనే పరిశోధక విద్యార్థి దాన్ని చూసుకుంటాడు. గడ్డం సగం నెరిసింది, ఇంకా విద్యార్థే.

"ఈ తొట్టికి రోజూ నీళ్ళు పోసినా సార్" అన్నాడు అన్వర్. క్లిప్పు పెట్టి చూపించాడు. సున్నా. "ఈ తొట్టికి నీళ్ళు, ఎరువు, చేత్తో నిమిరేది, అన్నీ." సున్నా. "దీని ముందర పాటలు గూడా పాడినా. మేడం పాడమన్నారు."

"ఏమొచ్చింది?"

"సున్నానే. రెండు మొలకలు సచ్చిపోయినాయి. పాటకేమో."

లింగేశ్వరి నవ్వలేదు. ఆమె ముఖం బాగా పీక్కుపోయి ఉంది. నాలుగో తొట్టి నా ముందుకు జరిపింది.

"ఇది పాడైంది మామా. వేరే పంట వెయ్యాల. దీన్ని మొత్తం పీకేస్తావా? మాకు చేతకాదు, వేర్లు తెంపేస్తాం."

"దీనికోసం నన్ను బస్సెక్కించినావా?"

"కలుపు పీకేదాంట్లో నీకంటే పట్టుదల ఉన్నోళ్ళు నాకు తెలీదు."

అది పొగడ్తో ఎత్తిపొడుపో తేలలేదు. అయినా కింద కూర్చున్నాను. కలుపును చూస్తే నా చేతులు ఊరుకోవు. మొదలుకంటా పట్టుకుని, ఒక మెలిక తిప్పి లాగాలి. వేరుతో సహా వస్తుంది. లాగిన ప్రతి మొక్కకూ ఒక రకమైన తృప్తి. తొట్టి ఒక అంచు నుంచి మొదలుపెట్టాను. నా మీద వాళ్ళిద్దరి చూపు ఉందని కూడా మరిచిపోయాను. మన్ను వాసనకు సుంకమ్మ గుర్తుకొచ్చింది. ఆమె కలుపు తీస్తూ మాట్లాడేది కాదు. ఎడమ చెయ్యి కొర్రను పక్కకు ఒత్తి పట్టుకునేది, కుడి చెయ్యి పని చేసేది.

చివరి మూలలో ఒక గుప్పెడు మిగిలింది. పట్టుకున్నాను. మెలిక తిప్పబోయాను.

చెయ్యి ఆగింది.

లాగుదామనే అనుకున్నాను. అది గట్టిగా చెప్పగలను. లాగలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని లేచి నిలబడ్డాను.

"ఏమైంది మామా?"

"మోకాలు పట్టేసింది."

అన్వర్ ఆ గుప్పెడుకు క్లిప్పు పెట్టాడు. ఉదయం ఆ తొట్టికి కూడా సున్నానే ఉందట. అద్దంలో అంకె మెల్లగా కదిలింది. పది. ఇరవై ఆరు. నలభై దగ్గర నిలిచింది.



"అన్వర్ పీకబోయినట్టు నాటకమాడితే రాలేదు" అంది లింగేశ్వరి.  "ఆపమని నేను చెప్తే ఆపినప్పుడూ రాలేదు. నిజంగా పీకాలనుకున్న చెయ్యి ఆగాల. తనంతట తాను ఆగాల. అప్పుడే వస్తాది."

"ఏందది?"

"ఆ గడ్డివాములో పాము ఉండాదే, దాని దగ్గరికి పోయినా మామా. ఆ రైతు కర్ర ఎత్తినాడంట. ఎందుకో దించినాడంట. ఎందుకంటే చెప్పలేకపోయినాడు. తుమ్మపొదను కొట్టేదానికి గొడ్డలితో పోయి తిరిగొచ్చినారంట. చిలకను ఎవురూ చంపాలనుకోలేదు. పులిని జూలో ఎవురూ కొట్టబోలేదు. అందుకే వాటికి సున్నా." ఆమె బల్ల మీద కూర్చుంది. "నేను ఈ మిషనుకు నేర్పింది అత్త చేలో ఆకులతో. అత్త చెయ్యి పీకుకుంటా వచ్చి, దొంగకొర్రేమోనని పట్టుకుని, కొర్రని తెలిసి ఆగతాది. ప్రతి పంటలోనూ, ప్రతి మొక్క దగ్గరా. ఆ ఆగిన గుర్తును చూసి పెంచిన గుర్తనుకున్నా. మందు కొట్టిన చేలో నేర్పించి ఉంటే, పెంచిన కొర్రకే సున్నా వచ్చి, అప్పుడే తెలిసేది. నువ్వు మందు కొడతావని తెలిసే మూడో దినమే ఆకులు కోసుకుంటి. అత్త చెయ్యి పడిన ఆకులు అవే ఆఖరు గదా అని."

 ఆ మూడో దినం నా లోపల ఒక రాయిలా ఉంది. అది కదల్లేదు. కానీ దాని కింద ఏదో ఉందని తెలిసింది.

"మేడం" అన్నాడు అన్వర్, నేల చూస్తూ. "ఊరూరా మిషన్లు పోయినాయి. లక్షల ఫోటోలకు గుర్తు పడిపోయింది. మనం చెప్పకుంటే?"

"చెప్పకుంటే పామును పెంచినారని పిల్లోళ్ళు చదువుకుంటారు."

"చెప్తే ఈ షెడ్డు ఉండదు."

"తెలుసు."

అన్వర్ తొట్లకు నీళ్ళు పొయ్యడానికి వెళ్ళిపోయాడు. సున్నా వచ్చిన తొట్లకు కూడా పోశాడు.

నేను వచ్చిన పని అడిగాను. "మరి నాకు సున్నా ఎందుకొచ్చింది?"

"నిన్ను పీకేద్దామని ఎవురూ అనుకోలేదేమో మామా."

"మీయత్త?"

"అత్త గూడా."

"రోజూ కొట్లాడేది."

"కొట్లాడేది. నిన్నిడిసి పోదామని ఒక్కసారి గూడా అనుకున్నట్టు లేదు. అనుకునింటే ఆగినప్పుడు గుర్తు పడుండేది."

దానికి సంతోషించాలో లేదో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. వదలాలన్న ఊహే రానంత ప్రేమా అది? లేక గోడను వదలాలని ఎవరూ అనుకోరు కదా, అట్లాంటిదా? అడగడానికి ఆమె లేదు. యంత్రం సున్నా వరకే చెబుతుంది.

అప్పుడు ఇంకొకటి తట్టింది. "నీకు అరవై నాలుగు వచ్చింది. నిన్నెవురు పీకబోయినారు?"

లింగేశ్వరి నా వైపు చూసింది. 

"బస్సు, మామా."

"బస్సు రాలేదు."

"వచ్చింది. నేను పెట్టె మీద కూర్చోనుంటి. నువ్వు రోడ్డు మీద నిలబడుంటివి. బస్సు వచ్చింది. నువ్వు చెయ్యెత్తలేదు. డ్రైవరు నీ దిక్కు చూసుకుంటానే పోయినాడు. ఇంటికొచ్చి అత్తతో రాలేదని చెప్తివి."

"నీకు తెలీదు. పసిదానివి."

"ఎర్రబస్సు. కిటికీలోనుంచి ఒక ముసలామె నన్ను చూసి నవ్వింది."

నాకు గుర్తున్నంతవరకు రోడ్డు ఖాళీగా ఉంది. ఎండ ఉంది. బస్సు లేదు. ఇన్నేళ్ళు అట్లాగే గుర్తుంది. ఇద్దరిలో ఎవరిది నిజమో ఆమె గోరుకు పెట్టిన యంత్రం ముందే చెప్పింది. అరవై నాలుగు అంది. నేను ఊరికి వచ్చేశాను. ఏ బస్సెక్కానో, ఎక్కడ దిగానో గుర్తులేదు.

లింగేశ్వరి రాసేసింది. యంత్రం పెంపకాన్ని కొలవదని, తన పొరపాటని చుట్టుపక్కలలో అందరికీ కనిపించేలా పెట్టింది. తిట్టారు. ఇన్నాళ్ళూ యంత్రాన్ని పొగిడినవాళ్ళే ఎక్కువ తిట్టారు. యంత్రాలన్నీ వెనక్కి పంపమన్నారు. నేనూ పంపాను. పులి మళ్ళీ పెంచినదయింది. షెడ్డుకు తాళం పడింది. అన్వర్ మాత్రం ఒక తొట్టి ఇంటికి తీసుకుపోయాడట.

కొర్ర వెన్ను వేసే కాలంలో ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో సంచీ తప్ప ఏమీ లేదు. మూలలో బండ దగ్గర కూర్చున్నాం.

"సంఘమోళ్ళు ఈ నెలాఖరు దాకా చూస్తారంట" అంది. "మిషను తప్పని తేలింది గనక డెబ్బై ఒకటి లెక్కలోకి రాదు. నువ్వు 'తనంతట తాను' నొక్కితే సాలు. అత్త పేరు ఉండిపోతాది. ప్రపంచంలో ఎవురు ఈ గడ్డిని చూసినా సుంకమ్మ అనాల్సిందే."

నేను సుంకమ్మ ఫోన్ తీశాను. ఆమె ఫోటో తెరిచాను. మసకగా ఉంది. ఆమెకు ఫోటో తీయడం సరిగా రాదు. ఆకుల మీద ఆమె నీడ పడింది, కొంగు నీడతో సహా.

"ఇది కొండలో యాడైనా ఉండాదా?" అని అడిగాను.

"లేదు. ఎదికినా. ఈ నాలుగూర్ల చేల మూలల్లో తప్ప యాడా లేదు."

"మూలల్లోనే ఎందుకుండాది?"

ఆమె బండ సందులోకి చూసింది. ఇద్దరికీ తెలుసు.

"తనంతట తాను అంటే ఏంది?" అన్నాను. "ఎవరి దయా లేకుండా బతికింది. ఇది అట్లా బతికిందా? మీయత్త, వాళ్ళమ్మ, ఆమెకు ముందుండే ఆడోళ్ళు చెయ్యి ఆపబట్టి బతికింది. ఆమె పేరు పెట్టేదానికి ఆమె చెయ్యి లేదని నన్ను నొక్కమంటాండావు."

"అయితే 'పెంచినది' నొక్కు. పేరు పోనీ."

"పెంచలేదు. ఒక చెంబు నీళ్ళు పొయ్యలేదు."

"రెండే గడులుండాయి మామా."

"నేను చేసిన గడులు గాదు."

"ఒక అబద్ధం. ఒక్క వేలితో నొక్కేది. నేను ఆమె కోసం షెడ్డు పోగొట్టుకున్నా. నీకు ఒక వేలు బరువైందా?"

షెడ్డు పోయింది సుంకమ్మ కోసం కాదు, నిజం చెప్పినందుకు. ఆ మాట అనబోయి ఊరుకున్నాను.

వేలు ముందుకు పెట్టాను. నిజం చెబుతున్నాను, 'పెంచినది' నొక్కేద్దామనే పెట్టాను. ఇన్నాళ్ళు అందరి ఫోటోలకు నొక్కిన వేలే. పీడ పోతుందనుకున్నాను. నొక్కలేకపోయాను. 'తనంతట తాను' మీదికీ పోలేకపోయాను. కింద మాటలు రాసే చోటుంది. అక్కడ 'ఇడిసిపెట్టినది' అని రాశాను. మా ఊరి మాటే రాశాను. పుస్తకాల్లో 'విడిచిపెట్టినది' అని ఉంటుంది, కానీ ఆమె అట్లా అనేది కాదు. ఫోన్ కట్టేసి జేబులో పెట్టుకున్నాను.

"గడి నొక్కకుంటే నెలాఖరుకు చుక్క పోతాది" అంది లింగేశ్వరి.

"పోనీ."

"పేరు పోతాది."

"ఆమె అడిగిందా పేరు?"

"నువ్వు ఆమెను ఏం అడగనిచ్చినావు మామా?" అంది. గొంతు పెంచలేదు. లేచింది. చీరకు అంటిన పల్లేరుకాయలు దులుపుకుంది. "నేనింక రాను. నువ్వూ నీ చేనూ ఉండండి. నీ వరకు నువ్వు న్యాయంగానే ఉంటావు. నీ పక్కనుండేవాళ్ళకే ఊపిరాడదు."

సంచీ భుజాన వేసుకుని గట్టు వెంట రోడ్డు వైపు నడిచింది. నేను పిలవలేదు. పిలవడం నాకు రాదు. మూడో దినం పిలవని గట్టు మీద నుంచే ఈ రోజూ చూస్తూ ఉన్నాను.

మా గట్టు మీద నుంచి రోడ్డు బాగా కనిపిస్తుంది. ఆమె వెళ్ళి తుమ్మచెట్టు నీడలో నిలబడింది. పొద్దు వాలింది. ఆఖరి బస్సు ఒక్కటే ఉంది. నేను వంగి మూలలో కలుపు చూశాను. దొంగకొర్ర కణుపు దగ్గర ఎర్రగీత కనిపిస్తోంది. దాని పక్కన తుంగ మొలిచింది. తుంగ పీకేశాను.

హారన్ వినిపించింది. తల ఎత్తాను. ఎర్రబస్సు. కిటికీల్లో జనం ఉన్నారు. బస్సు నెమ్మదించింది. లింగేశ్వరి రోడ్డు అంచున నిలబడి ఉంది. రెండు చేతులతో సంచీ పట్టుకుని ఉంది. చెయ్యి ఎత్తలేదు. బస్సు దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

దుమ్ము తగ్గాక ఆమె గట్టు మీద నడిచి వస్తూ కనిపించింది. నా దగ్గరికి వచ్చి సంచీ బండ మీద పెట్టింది. నా ముఖం చూడలేదు.

"బస్సు రాలేదు మామా" అంది.

"అవును" అన్నాను. "ఈమధ్య సరిగ్గా రావడంలేదు."